పని లేనివాళ్ళు చేతులెత్తండి

అకోయాకు అసూయ ఎక్కువని మా ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ సంగతి అకోయాకూ తెలుసు. ఫాదరుగారు మా ఊరికి వచ్చినప్పుడల్లా పాపసంకీర్తనం వరుసలో ముందు నిలబడేది తనే. మోకరించి నోరు తెరవకముందే ఆయన, "మళ్ళీ మీ చెల్లి బెరేటా సంగతేనా అమ్మా?" అని అడిగేవారట. ఆ మాట తనే వచ్చి నాకు చెప్పి నవ్వేది. నవ్వుతూనే, అల్లుతున్న చాప అంచును అవసరానికి మించి బిగించి లాగేది.

నేను వాళ్ళ పక్కింటిదాన్ని. మా రెండిళ్ళకూ బావి ఒకటే. పొద్దున నేను బావి దగ్గరికి వెళ్ళేసరికి నా బకెట్టు నిండి, పైన కొబ్బరాకు కప్పి ఉండేది. ఎవరు నింపారని అడిగితే, "ఏమో, నిన్న నువ్వే నింపి మరిచిపోయావేమో" అనేది అకోయా. ఆమెను గురించి చెప్పేవాళ్ళు అసూయ దగ్గర ఆగిపోతారు. నేను ఆ నీళ్ళు తాగినదాన్ని గనక ముందు ఆ బకెట్టు సంగతి చెబుతున్నాను.

అకోయా తల్లి, బెరేటా తల్లి అక్కచెల్లెళ్ళు. బెరేటా పుట్టి ఇంకా కళ్ళు సరిగా తెరవకముందే అమ్మమ్మ కాబూటా వచ్చి, బాలింత ఎదుట కూర్చుని, "బుబుసి అడుగుతున్నానే. ఈ పిల్లను నాకియ్యి" అంది. మా కిరిబాస్ దీవుల్లో ఆ మాట అన్న తర్వాత లేదనడం ఉండదు. వలైనా, సైకిలైనా, పందిపిల్లైనా, కడుపున పుట్టిన బిడ్డైనా సరే, అయినవాళ్ళు వచ్చి ఎదుట కూర్చుని బుబుసి అన్నారంటే ఇవ్వాల్సిందే. ఇవ్వనివాడి ముఖం ఊళ్ళో చెల్లదు. అడిగినవాడి తల కూడా కాస్త వంగుతుంది, ఎందుకంటే రేపు అవతలివాళ్ళొచ్చి అడిగితే తనూ ఇవ్వాలి. అందుకని ఎవరూ ఊరికే అడగరు. అమ్మమ్మ అడిగింది, కూతురు ఇచ్చింది.

అప్పటికి అకోయా ఇంకా చిన్నపిల్లే. కూర్చోవడానికీ పడుకోవడానికీ ఇంటి ముందు వేసుకునే మంచె కింద నిలబడి అంతా చూసింది. "అమ్మమ్మ నన్నెందుకు అడగలేదు?" అని తల్లిని అడిగితే, పని తొందరలో ఉన్న ఆ తల్లి, "నువ్వెప్పుడూ ఏడుస్తూ ఉంటావు గనక" అందట. ఆ రోజునుంచి అకోయా ఏడవడం మానేసి పని చెయ్యడం మొదలుపెట్టింది. చేమదుంపల గుంటలో దిగి మట్టి తోడేది. పోటు తగ్గగానే దీవి లోపలివైపు లోతు తక్కువ నీళ్ళలోకి నడిచి ఆలుచిప్పలు ఏరేది. మొగలాకు ఎండబెట్టి, చీల్చి, చాపలల్లి, ఇంటికప్పుకు కట్టలు కట్టేది. అమ్మమ్మ పాదాలకు నూనె రాసేదీ, ఆమె బట్టలుతికేదీ తనే. ఇవన్నీ అయ్యాక అమ్మమ్మ మంచె మీద చూస్తే, బెరేటా ఆవిడ ఒళ్ళో తలపెట్టుకుని పాట పాడుతూ ఉండేది. కాల్చిన చేప దవడ దగ్గరి మెత్తని ముక్కను అమ్మమ్మ వేళ్ళతో తీసి ఆ పాడే నోట్లో పెట్టేది.

"నేను చేప తెస్తాను, అది చేప తింటుంది" అనేది అకోయా నాతో.

"నువ్వూ వెళ్ళి ఒళ్ళో పడుకోవే, ఎవరు వద్దన్నారు" అనేదాన్ని.

"నాకు చేతకాదు. పడుకుంటే ఏదో పని గుర్తొస్తుంది."

ఇలా ఇద్దరూ పెద్దవాళ్ళయ్యారు. బెరేటా మీద ఎవరికీ కోపం వచ్చేది కాదు. సోమరిదని అందరూ నవ్వేవాళ్ళు, నవ్వుతూనే పిలిచి పెట్టేవాళ్ళు. అకోయాను పొగిడేవాళ్ళు, పొగిడి ఇంకో పని చెప్పేవాళ్ళు.

ఆ ఏడు పడమటి గాలులు తగ్గిన తర్వాత రాజధానినుంచి బరానికో అనే ఉద్యోగి పడవలో మా దీవికి వచ్చాడు. వయసులో చిన్నవాడు, చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. మనేఆబాలో, అంటే మా ఊరందరి పెద్ద కప్పు కింద, ఎవరి వంశం జాగాలో వాళ్ళం కూర్చున్నాం. మా దీవుల మర్యాదగా అతనికి మెడలో పూలు వేసి, చంకల్లో పౌడరు చల్లి, తీపి కల్లు ఇచ్చారు. అతను మూతి తుడుచుకుని మొదలుపెట్టాడు.

"పెద్దలకు మౌరీ. ప్రభుత్వం యువతకోసం దేశమంతటికీ ఒక పథకం వేస్తోంది. కుర్రాళ్ళకూ ఆడపిల్లలకూ పని కల్పించాలని. రాజధానిలో కూర్చుని రాసెయ్యకుండా, ప్రతి దీవికీ వెళ్ళి అడిగి, ఆ తర్వాతే రాయమన్నారు. నాకు ముందుగా తెలియాల్సింది ఒకటే. ఇక్కడున్న పిల్లల్లో పని లేనివాళ్ళు చేతులెత్తండి."

ఎవరూ ఎత్తలేదు. కుర్రాళ్ళు ఒకరి మోకాలు ఒకరు పొడుచుకున్నారు. మా పెద్దల్లో పెద్దవాడైన ఉరియామ్ గొంతు సవరించుకున్నాడు.

"అలాంటివాళ్ళు మా ఊళ్ళో లేరు నాయనా. ఉంటే ఊరుకుంటామా?"

"అది కాదు తాతా. నేనడిగేది జీతమొచ్చే పని."

"జీతం రాకపోతే పని కాదా? నా మనవడు పొద్దునా సాయంత్రం చెట్టెక్కుతాడు. నువ్వు ఇప్పుడు మూతి తుడుచుకున్నది వాడు దించిన కల్లే. అది పని కాకపోతే ఆ గ్లాసు ఇలా ఇచ్చెయ్యి."

కప్పు అదిరేలా నవ్వారు. బరానికో కూడా నవ్వాడు గాని తల గోక్కున్నాడు.

"మీరొక్కరే కాదు తాతా. మరకేయి దీవిలో అడిగితే అక్కడా ఇదే. బెరూలో అడిగితే నన్ను తిట్టినంత పనిచేశారు. మా ఆఫీసులో పెద్దలేమో, దేశంలో పని లేనివాళ్ళే దొరక్కపోతే ఈ పథకం ఎవరికి పెడతావురా అంటున్నారు. ఒక్కరంటే ఒక్కరు చెయ్యెత్తినా నా ప్రాణం కుదుటపడుతుంది. ఊరికే కూడా కాదు. మీ చేపల కేంద్రంలో ఆగిపోయిన ఐసు మిషను ఉంది కదా, దాన్ని మళ్ళీ నడుపుతున్నాం. ఈ దీవినుంచి ఒకరిని రాజధానిలో బెటియో రేవుకు తీసుకెళ్ళి నేర్పించి, తిరిగి ఇక్కడే ఉద్యోగంలో పెడతాం. కానీ అది పని లేనివాళ్ళకే. పథకం అలా ఉంది."

ఐసు మిషను మాట వినగానే అకోయా మెడ నిటారుగా అయింది. ఆ మిషను చాలాకాలంగా మూలపడి ఉంది. దానిమీద కోళ్ళు పడుకునేవి. అటుగా వెళ్ళినప్పుడల్లా అకోయా కోళ్ళను తోలి, ఆ ఇనప తలుపు మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడేది. ఆమె తండ్రి వలనిండా పట్టిన చేప రాజధాని చేరేలోపు మెత్తబడిపోయి, పందుల పాలైన రోజులు ఆ ఇంట్లో చాలా ఉన్నాయి. దేవుడు తనకొక్కటి ఇస్తానంటే ఆ మిషను అడుగుతాననేది. ఆమె చెయ్యి ఒళ్ళోంచి లేచింది. మోచేతిదాకా లేచింది. వెనక కూర్చున్న తల్లి టక్కున గిల్లింది.

"దించు. పెద్దల ముందు సోమరిపోతునని చెప్పుకుంటావా? నీకు పెళ్ళి కావాలా వద్దా?"

చెయ్యి దిగింది.

సరిగ్గా అప్పుడు అవతలి స్తంభానికి ఆనుకుని, సగం నిద్రలో ఉన్న బెరేటా చెయ్యెత్తింది.

"నాకు లేదు" అంది.

బరానికో ముఖం, చాలాసేపు నీళ్ళు తప్ప ఏమీ కనపడని పడవలోంచి నేల చూసినవాడి ముఖంలా అయింది. "నువ్వేం చేస్తుంటావమ్మా?"

"ఏమీ చెయ్యను. అమ్మమ్మకు పాటలు పాడతాను. మిగతావన్నీ మా అక్క చేస్తుంది."

ఊరంతా విరగబడి నవ్వింది. అందరికన్నా గట్టిగా నవ్వింది అమ్మమ్మ కాబూటా. కళ్ళు తుడుచుకుంటూ, "నా పిల్ల అబద్ధమాడదు" అంది. బెరేటా తండ్రి ఇయొతెబా, ఎప్పుడూ తల వంచుకుని ఉండేవాడు, ఆ రోజు ఛాతీ విరుచుకుని చుట్టూ చూశాడు. ఐసు మిషను ఉద్యోగం బెరేటాకు వెళ్ళింది.

మరునాడు బావి దగ్గర అకోయా చేద తాడును రాతికేసి కొడుతూ కూర్చుంది.

"పని చేసినందుకు నాకు లేదు. చెయ్యనందుకు దానికిచ్చారు. ఇదేం పథకం?"

"చెయ్యి ఎత్తాల్సింది."

"ఎత్తితే అబద్ధమయ్యేది. నాకు పని లేకపోవడమేంటి. వంగిన నడుము లేచిందా ఎప్పుడైనా?" తాడు పక్కన పడేసి, "అది చెయ్యెత్తినప్పుడు కూడా సగమే ఎత్తింది చూశావా? పూర్తిగా ఎత్తడానికి బద్ధకం" అంది.

నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు.

బెరేటా ప్రయాణానికి ఊళ్ళోవాళ్ళు తలా ఒకటి తెచ్చి ఇచ్చారు. సబ్బు, దువ్వెన, కల్లు పాకం సీసా, పూల లుంగీ. పడుకునే చాప మాత్రం అకోయానే అల్లాలని అమ్మమ్మ కబురు పెట్టింది. ఊళ్ళో ఆమెకన్నా సన్నగా అల్లేవాళ్ళు లేరు మరి. ఆ చాప అల్లుతున్నన్నాళ్ళూ నేను ఆమె పక్కన కూర్చున్నాను. పళ్ళు బిగించి అల్లింది. "మధ్యలో ఒక వరుస తప్పేద్దామని చూశాను. చేతులు వినడం లేదు" అంది. అంత అందమైన చాప ఆమె అంతకుముందు అల్లలేదు. దాన్ని చుట్టి కట్టి, దానిమీద తల ఆన్చి కూర్చుని, "నేనడుగుతాను" అంది.

"ఏం అడుగుతావు?"

"బుబుసి అడుగుతాను. అమ్మమ్మ దాన్ని అడిగి తెచ్చుకుంది కదా. నేను దాని జాగా అడుగుతాను."

ఉద్యోగాన్ని బుబుసి అడగడం నేనెప్పుడూ వినలేదు. పాపమేమో అన్నాను. "పాపమైతే ఫాదరుగారికి చెప్పుకుంటాను, ఆయనకు అలవాటే" అంది.

చాప చంకన పెట్టుకుని వెళ్ళింది. నన్నూ రమ్మంది, ఒక్కతే వెళితే నోరు పెగలదని. అమ్మమ్మ మంచె మీద కాళ్ళు చాపుకుని ఉంది. బెరేటా ఆవిడ తల్లో పేలు చూస్తోంది. అకోయా వాళ్ళెదుట కింద ఇసుకలో, మోకాళ్ళు మడిచి, సభలో కూర్చున్నట్టు కూర్చుంది. అది చూడగానే అమ్మమ్మకు అర్థమైంది. కాళ్ళు దగ్గరికి లాక్కుంది.

"బెరేటా, బుబుసి అడుగుతున్నాను. బెటియో వెళ్ళే జాగా నాకియ్యి."

బెరేటా దువ్వెన ఆపింది. అక్కను చూసింది, చాపను చూసింది.

"సరే అక్కా" అంది.

అంతే. దువ్వెన అడిగితే ఇచ్చినట్టు ఇచ్చింది. అకోయా ఎదురుచూసింది ఏడుపు కోసమో, కోపం కోసమో, కనీసం ఒక్క నిట్టూర్పు కోసమో. అదేదీ రాలేదు. దారిలో ఆమె నాతో అన్నది ఒకే మాట. "దానికి ఇవ్వడం కూడా ఎంత సులువు."

అమ్మమ్మ మాత్రం మేం లేచి వస్తుంటే, "అడగడం నేర్చావన్నమాట" అంది. మెచ్చుకోలో దెప్పో మాకు తెలియలేదు.

బెరేటాను తీసుకెళ్ళడానికి వచ్చిన పడవ దగ్గర బరానికో ఒప్పుకోలేదు. "ఇది పని ఉన్నవాళ్ళకు కాదమ్మా. మీ ఊరంతా చెప్పిందిగా, అన్ని పనులూ నువ్వే చేస్తావని."

"బుబుసి అడిగాను. చెల్లి ఇచ్చింది."

బరానికో బెరేటా వైపు చూశాడు. అవునని తలూపింది. అతను రాజధాని ఉద్యోగే గాని, మా నేల మీద పుట్టినవాడేగా. టోపీ తీసి తల గోక్కున్నాడు.

"బుబుసి అంటే నేనేమంటాను. పథకంలో దీనికి చోటు పెట్టలేదు. పెట్టాల్సింది." అకోయా చేతివైపు చూశాడు. "ఆ చేతిలో బుట్ట ఏంటి?"

"ఆలుచిప్పలు. అమ్మమ్మకు. పొద్దున ఏరాను."

"కింద పెట్టు. పెట్టావా? ఇప్పుడు నీకు పని లేదు. పడవెక్కు."

బుట్ట ఇసుకలో ఉండిపోయింది. పడవ కదిలాక బెరేటా వంగి దాన్ని నెత్తిన పెట్టుకుంది. అలవాటు లేదు గనక బుట్టలోని నీళ్ళు ముఖం మీదికి కారాయి. ఆమె నవ్వుతూ చెయ్యి ఊపింది. అకోయా ఊపలేదు.

బెటియోలో ఆమెకు నేర్పినవాడు తెకీనా అనే పాత నావికుడు. మాట తక్కువ మనిషి. పైపుల్లో చల్లదనం ఎలా తిరుగుతుందో, నూనె ఎప్పుడు పొయ్యాలో, ఏ చప్పుడు మంచిదో ఏది కాదో అన్నీ నేర్పాడు. అన్నిటికన్నా గట్టిగా చెప్పింది ఒకటి. మిషను వేడెక్కి తనంతట తను ఆగిపోతే, కంగారుపడి వెంటనే ఎర్ర బొత్తాం నొక్కకూడదు. లోపలి ఒత్తిడి దిగేదాకా ఆగాలి. పైపు మీద చెయ్యి పెట్టుకుని జపమాలలో ఒక రహస్యం, అంటే పది మరియమ్మ జపాలు, పూర్తిగా చెప్పుకుని, అప్పుడు నొక్కాలి. తొందరపడితే లోపలిది కాలిపోతుంది, రాజధానిలో కూడా దానికి విడిభాగం దొరకదు. "దీవుల్లో ఇన్ని ఐసు గదులు మూతపడింది వేరే దేనివల్లా కాదు. జనం ఐసు, ఐసు అని బయట అరుస్తుంటే లోపలివాళ్ళు ఆగలేకపోయారు, అంతే" అన్నాడట.

అకోయా తిరిగొచ్చింది. కోళ్ళు వెళ్ళిపోయాయి, మిషను తిరిగింది. మా చేప గట్టిగా, కళ్ళు మెరుస్తూ రాజధాని చేరడం మొదలైంది. జ్వరమొచ్చిన పిల్లలున్న ఇళ్ళకు అడగకుండానే ఐసు ముక్క తువ్వాలులో చుట్టి పంపేది. తలుపు తీసినప్పుడు వచ్చే చల్లని పొగలో నిలబడితే ఆమె ముఖం బాగుండేది.

కానీ మనిషి కుదుటపడలేదు. బుబుసితో వచ్చింది బుబుసితోనే పోతుంది. బెరేటా ఎప్పుడైనా వచ్చి ఎదుట కూర్చుని తిరిగి ఇయ్యమంటే ఇవ్వాల్సిందే. అందుకని బెరేటాకు ఎదురుపడకుండా తిరిగేది. ఐసు గదికి వెళ్ళే దారి మార్చింది. గుడిలో తలుపు పక్కన కూర్చుని, దీవెన అయ్యీ అవకముందే లేచి వెళ్ళేది. అమ్మమ్మ ఇంటికి వెళితే బెరేటా ఉంటుంది గనక అటు వెళ్ళడమే మానేసింది. ఐసు నాచేత పంపేది.

"అమ్మమ్మ ఎలా ఉంది?" అని అడిగేది.

"బాగుంది. ఇప్పుడు బెరేటానే వండుతోంది. మాడుస్తోంది."

"తింటోందా?"

"నవ్వుతూ తింటోంది."

ఆ మాటకు ఆమె పెదవి బిగిసిపోయేది. "నేను ఇన్నేళ్ళు వండాను. ఉప్పు తక్కువైందని ఎన్నిసార్లు అందో. ఇప్పుడు మాడింది తిని నవ్వుతోందా?"

బెరేటా నిజంగానే కష్టపడుతోంది. చేమగుంటలో జారిపడేది. ఆమె కట్టిన కప్పు వానకు కారితే అమ్మమ్మా మనవరాలూ పొడిగా ఉన్న మూలకు జరిగి కూర్చుని పాడుకునేవాళ్ళు. ఇయొతెబాకు మాత్రం లోపల ఉడుకు. మనేఆబా అంచున కూర్చుని వచ్చేపోయేవాళ్ళతో, "అది నా కూతురి కుర్చీ" అనేవాడు. ఆ మాట తిరిగి తిరిగి ఐసు గదికి చేరేది.

ఒకరోజు పడవలు రాని వేళ చూసి బెరేటా ఐసు గదికి వచ్చింది. గుమ్మం దగ్గర కూర్చుంది, మోకాళ్ళు మడిచి.

"అక్కా, బుబుసి ఉంది."

అకోయా చేతిలోని పార కింద పెట్టింది. ఇన్నాళ్ళూ తప్పించుకు తిరిగింది ఈ మాటనుంచే. "అడుగు" అంది.

"ఈ పని నాకు నేర్పు."

జాగా అడిగి ఉంటే ఒకే దెబ్బతో పోయేది. నేర్పమనడం అంటే, రోజూ కొంచెం కొంచెంగా తన చేత్తో తనే ఇవ్వడం. వెనక ఇయొతెబా ఉన్నాడని అకోయాకు వెంటనే తెలిసింది. ముందు నేర్చుకో, తర్వాత అడుగు అని ఉంటాడు. అయినా కాదనడానికి లేదు.

నేర్పింది. బెరేటా నేర్చుకుంది. ఒళ్ళు వంచాల్సిన పనుల్లో మొద్దే గాని చెవి గొప్పది. చిన్నప్పటినుంచి పాటలతో బతికిన పిల్ల. మిషను చప్పుడుకు తనో రాగం కట్టి దానితోపాటు గొణిగేది. ఒకరోజు పాట మధ్యలో ఆపి, "అక్కా, ఇది స్వరం తగ్గింది" అంది. అకోయా చూస్తే నూనె తగ్గింది. తనకు తెలియకముందే దానికి తెలిసింది. ఆ పూట అకోయా తన అన్నం తీసుకెళ్ళి పిల్లికి పెట్టేసింది.

అన్నీ నేర్పింది, ఒక్కటి తప్ప. మిషను వేడెక్కి ఆగినప్పుడల్లా, "బావినుంచి నీళ్ళు పట్రా" అని బెరేటాను పంపేది. ఆమె వెళ్ళాక పైపు మీద చెయ్యి పెట్టి జపం చెప్పుకుని, బొత్తాం నొక్కేది. నీళ్ళతో తిరిగొచ్చేసరికి మిషను తిరుగుతూ ఉండేది. కొన్నాళ్ళకు మిషను ఆగగానే, ఎవరూ చెప్పకుండానే బెరేటా బకెట్టు తీసుకుని బయటికి నడిచేది. అది చూస్తే అకోయాకు ఒళ్ళు మండేది. "జపం చెప్పుకుంటున్నా గాని నోట్లో మరియమ్మ, మనసులో బెరేటా" అని నాతో అంది.

చివరికొకనాడు మిషను ఆగింది. బెరేటా బకెట్టు తీసుకుంది గాని గుమ్మంలో ఆగింది.

"అక్కా, నువ్వు చెప్పనిది ఒకటుంది కదా."

అకోయా పైపు వైపు తిరిగింది.

"చెప్పకు" అంది బెరేటా.

"ఏంటి?"

"చెప్పకు అంటున్నా. నాన్న రోజూ అడుగుతున్నాడు, అంతా వచ్చేసిందా అని. వచ్చేసిందంటే, వెళ్ళి నీ కుర్చీ బుబుసి అడుగు అంటాడు. నాన్న మాట నేను దాటలేను. అందుకే ఇంకా ఒకటి రాలేదు నాన్నా అంటున్నా. అది అబద్ధం కాకూడదు. అబద్ధమైతే ఫాదరుగారికి చెప్పుకోవాలి, నాకు ఆ వరుసలో నిలబడాలంటే బద్ధకం."

ఆ క్షణంలో తనకు ఎలా ఉందో అకోయా నాకు చాప అల్లుతూ చెప్పింది. చెల్లి మంచితనానికి కరిగిపోయిందని నేను రాస్తే అది అబద్ధం. "దాని దగ్గర ఇవ్వడానికి ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. నా దగ్గర దాచుకోవడానికి ఉంటుంది. ఈసారి ఇవ్వడంలోనన్నా దాన్ని గెలవనివ్వకూడదనుకున్నా" అంది.

గుమ్మం దాకా వెళ్ళి బెరేటా చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. ఆ చేతిని పైపు మీద పెట్టింది.

"జపం చెప్పు. ఒక రహస్యం. మధ్యలో ఆపకు."

"అక్కా, వద్దంటుంటే."

"చెప్పు."

ఇద్దరూ పైపు మీద చేతులుంచి చెప్పుకున్నారు. అయిపోయాక అకోయా ఆమె వేలు పట్టి ఎర్ర బొత్తాం నొక్కించింది. మిషను తిరిగింది. బెరేటాకు కోపం రావడం అకోయా మొదటిసారి చూసింది.

"ఎందుకు చెప్పావు? ఇప్పుడు నాన్నకేం చెప్పను?"

"నిజం చెప్పు. వచ్చి అడుగు. ఇస్తాను."

ఆ సాయంత్రం, కల్లు గీసేవాళ్ళు చెట్లమీద పాడుతుండగా, ఇయొతెబా ఆదివారపు చొక్కా తొడుక్కుని కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. నేను అప్పుడు ఐసుకోసం అక్కడే ఉన్నాను. ముగ్గురూ ఎదురెదురుగా కూర్చున్నారు. అకోయా ముందే ఐసు గది తాళంచెవి తీసి మోకాలి పక్కన ఇసుకలో పెట్టుకుంది.

"అడుగమ్మా" అన్నాడు ఇయొతెబా.

"అక్కా, బుబుసి అడుగుతున్నాను" అంది బెరేటా. తాళంచెవి వైపు చూసింది. తండ్రి వైపు చూసింది. "ఒక ఐసు ముక్క ఇయ్యి. పెద్దది."

ఇయొతెబా కూతురివైపు తిరిగాడు. "ఇంతేనా?"

"నువ్వు అడుగు అన్నావు, అడిగాను. ఇప్పటికి ఇంతే నాన్నా. మిగతాది ఎక్కడికి పోతుంది."

"మా వంశంలో ఐసు అడగడానికి ఆదివారపు చొక్కా వేసుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే" అని ఆయన లేచి, మోకాళ్ళకంటిన ఇసుక దులుపుకుని, గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

అకోయా లోపలికి వెళ్ళి ఐసు కొట్టి తెచ్చింది. బెరేటా లుంగీ చెంగులో వేసుకుని, నీళ్ళు కారుతుండగా అమ్మమ్మ ఇంటివైపు పరుగెత్తింది. చాలాకాలం తర్వాత అకోయా కూడా ఆ దారి పట్టింది. ఎవరూ పిలవలేదు. ఐసు కరిగేలోపు అమ్మమ్మకు అందుతుందో లేదో చూడాలన్నట్టు నడిచింది. నేను వెనకే వెళ్ళాను.

అమ్మమ్మ బోసినోట్లో ఐసు ముక్క అటూ ఇటూ దొర్లిస్తూ, కళ్ళు మూసుకుని ఉంది. ఒక చెయ్యి బెరేటా తల నిమురుతోంది.

"ఎంత చల్లగా ఉందే. నా పిల్ల తెచ్చింది."

"చేసింది నేను అమ్మమ్మా" అంది అకోయా, మంచె కింద నిలబడి.

అమ్మమ్మ కళ్ళు తెరిచింది. "వచ్చావా? ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావు? నువ్వు చేసిందేనని తెలుసులే. చెయ్యడమెప్పుడూ నువ్వేగా." ఐసును బుగ్గలోకి తోసింది. "ఎక్కి కూర్చో. ఇది వండిన చేప ఉంది, మాడింది. తింటావా?"

అకోయా ఎక్కి కూర్చుంది. చేప తింది. మాడిన చోట ఏరి పక్కన పెడుతూ, బెరేటా తలమీద తిరుగుతున్న ఆ ముసలి చేతివైపే చూస్తూ తింది.